తలకిందుల దుర్భిణి

సెంటినరీ కాలనీ,
జూన్ 9

గౌరవనీయులైన రమామణి టీచర్ గారికి,

విషయం: దుర్భిణి కొనుట గురించి సలహా కోరుట.

పై విషయమును అనుసరించి తమరికి మనవి చేయునది ఏమనగా, నేను కిషన్‌ను. హైదరాబాద్ దవాఖానలో తమ భర్త అనంతకృష్ణ గారి పక్క మంచం మీద ఉన్న పేషెంటును. బొగ్గు బాయిలో పైకప్పు కూలి నడుము విరిగినవాడిని. తమరికి ఫోనులో మాట సరిగా వినపడదని గుర్తుండి ఉత్తరం రాస్తున్నాను. ఇప్పటివరకు నేను రాసినవన్నీ సెలవు దరఖాస్తులే. కావున తప్పులున్న యెడల మన్నించగలరు.

ప్రస్తుతం చక్రాల కుర్చీలో కూర్చునే, బాయి మీద ల్యాంపు రూములో డ్యూటీ చేస్తున్నాను. షిఫ్టుకు దిగేవారికి టోపీ లైట్లు ఇచ్చి, పైకి వచ్చినవారి దగ్గర తిరిగి తీసుకొనుట నా పని. ఏడాది నుండి రైఫిల్ షూటింగ్ కూడా నేర్చుకుంటున్నాను. గోదావరి అవతల మంచిర్యాల దగ్గర ఒక క్లబ్బు ఉన్నది. మిలిటరీలో చేసి వచ్చిన పోశం సార్ అక్కడ కోచ్. నా వంటివారికి వేరే పోటీలు ఉంటాయని ఆయనే చెప్పి, ఆయనే నేర్పిస్తున్నారు. కుర్చీలో కూర్చుని, ముందున్న బల్ల మీద మోచేతులు ఆనించి, యాభై మీటర్ల దూరంలో ఉన్న కాగితం టార్గెట్‌ను కొట్టాలి.

ఇబ్బంది ఏమనగా, గుండు ఎక్కడ తాకినదీ కూర్చున్న చోటు నుండి కనపడదు. మిగతావారు నడిచిపోయి చూసుకుంటారు. నాది మా ఆవిడ జమున పోయి చూసి వచ్చి చెబుతుంది. ఆమె అక్కడ ఉన్నంతసేపు ఎవరూ కాల్చరాదు గనుక అందరూ రైఫిళ్ళు దించి ఆగుతారు. ఎవరూ ఒక్క మాట అనరు. అననందుకే నాకు తల ఎత్తుకోబుద్ధి కాదు.

రాష్ట్ర జట్టుకు డిసెంబరులో ఒకటి, జనవరిలో ఒకటి సెలక్షన్ పోటీలున్నాయి. రెండింటిలో ఏది బాగుంటే అదే లెక్కలోకి తీసుకుంటారు. మా వంటివారికి సరిపోయే రైఫిల్ క్లబ్బులో ఒక్కటే ఉన్నది. నేను జట్టులోకి వస్తే అది మరో ఏడాది నా చేతిలో ఉంటుంది. రాకపోతే వరుసలో ఉన్న ఇంకొకరికి ఇస్తారు. అది న్యాయమే. కానీ ఆ రైఫిల్ పోతే నాకు మళ్ళీ ల్యాంపు రూము, ఇల్లు, అంతే.

పోటీలో ఎవరూ నడిచిపోయి చూడరాదు. స్పాటింగ్ స్కోపు అనే దుర్భిణిలో ఎవరిది వారే చూసుకోవాలి. జమున అన్న, నాకు బావ అయిన సంపత్, “కొంటే పెద్ద నంబరుదే కొనాలె, డెబ్బై అయిదుది” అంటున్నాడు. వాటి మీద ఇరవై, అరవై, డెబ్బై అయిదు అని ఏవేవో అంకెలున్నాయి. నా జీతానికి అందేది, పనికి వచ్చేది ఏదో తెలియకుండా ఉన్నది. తమరు ఫిజిక్స్ చెప్పినవారు. దయచేసి దారి చూపగలరు.

ఇట్లు
తమ విధేయుడు
కిషన్


మంథని,
జూన్ 17

చిరంజీవి కిషన్‌కు,

నీ దరఖాస్తు అందింది, మంజూరు చేశాను. ఇకమీదట మాత్రం “పై విషయమును అనుసరించి” అని మొదలుపెడితే జవాబివ్వను. దవాఖానలో రోజంతా నోరు మూతపడకుండా మాట్లాడిన మనిషివి, కాగితం మీదికి వచ్చేసరికి గుమాస్తావైపోయావేమిటి? నువ్వు మాట్లాడినట్టే రాయి. నాకు అదే వినాలని ఉంది.

నువ్వు రైఫిల్ పట్టావంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. పక్క మంచం మీంచి బత్తాయిలు విసిరి నన్ను నిద్ర లేపిన చెయ్యి కదా అది. ఆయన పిలిస్తే నాకు వినపడేది కాదు, నువ్వు లేవలేవు. ఇక మిగిలింది బత్తాయే. ఒక్కటి గురి తప్పితే ఒట్టు. ఈ ఇంట్లో ఇప్పటికీ బత్తాయి కొనుక్కొచ్చినప్పుడల్లా నీ పేరు తలుచుకుంటాను.

ఇక నీ దుర్భిణి సంగతి. మీ బావకు చెప్పు, పెద్ద అంకె చూసి మోసపోవద్దని. ఇరవై అంటే వస్తువు ఇరవై రెట్లు దగ్గరికి వచ్చినట్టు. యాభై మీటర్ల దూరంలోని చిల్లు రెండున్నర మీటర్ల దూరంలో గోడకు ఉన్న మేకు చిల్లులా కనిపిస్తుంది. నీకు అంతకంటే ఏం కావాలి? అదే అద్దాన్ని అరవైకి, డెబ్బై అయిదుకు లాగితే బొమ్మ పెద్దదవుతుంది కానీ చీకటిపడుతుంది, చెయ్యి తగిలితే చాలు వణుకుతుంది. మీ వైపు ఎండలో నేల మీంచి లేచే ఆవిరి కూడా అందులో మరుగుతున్న నీళ్ళలా కనిపిస్తుంది. ముందరి అద్దం వెడల్పుగా ఉండాలి, యాభై అరవై మిల్లీమీటర్లు ఉంటే చాలు. కంటిచోటు వంపు తిరిగి ఉన్నది దొరికితే నీకు మేలు, మోచేతులు కదపకుండా తల కొంచెం వంచి చూసుకోవచ్చు. స్టాండు కదలకుండా ఉండాలి. సగం డబ్బు స్టాండుకే పెట్టినా తప్పులేదు.

అన్నిటికంటే ముఖ్యం, చూడకుండా కొనవద్దు. నల్ల కాగితానికి పెన్సిలుతో నాలుగు చిల్లులు పెట్టుకొని దుకాణానికి వెళ్ళు. ఎవరినైనా రోడ్డు అవతల పట్టుకొని నిలబడమను. చిల్లు కనిపిస్తే కొను. లేకపోతే కుర్చీ తిప్పుకొని వచ్చెయ్యి.

జమునకు నా ఆశీస్సులు. ఆవిడ అంత దూరం నడిచి చూసి వస్తున్నదంటే, ఆ చిల్లుల మీద నీకెంత హక్కుందో ఆవిడకూ అంతే ఉంది.

రమామణి


సెంటినరీ కాలనీ,
జులై 20

టీచరమ్మా, దండాలు.

మాట్లాడినట్టే రాయమన్నరు, రాస్తున్న. చదివి నవ్వద్దు. నవ్వినా నాకు కనపడదు గద, నవ్వుకోండ్రి.

మీరు చెప్పినట్టే నల్ల కాయితానికి చిల్లులు పెట్టుకొని మంచిర్యాల దుకాణానికి పోయినం. జమున రోడ్డు అవతల ఆ కాయితం పట్టుకొని నిలబడ్డది. పోయేటోళ్ళు వచ్చేటోళ్ళు ఆమెనే చూసుడు. డెబ్బై అయిదు నంబరు దాంట్ల నాకేం కనపడ్డదో చెప్పనా? జమున ముక్కుపుడక. అది గూడ వణుక్కుంట, మసక మసకగ. చిల్లు మాత్రం దొర్కలే. సంపత్ బావ గూడ వంగి చూసి, ఇగ పెద్ద నంబరు మాట ఎత్తలే. మంచియి ఉన్నయి గని అవి మనకు అందేటట్టు లేవు. అందేటియి చూస్తే చిల్లు కనపడ్తలేదు. ఉత్త చేతులతోని వచ్చినం.

నేను ఇగ పాయె అనుకున్న. బావ ఊకోలే. ఆయన సర్వే సెక్షన్ల పనిచేస్తడు, దుర్భిణులతోనే ఆయన బతుకంత గడిచింది. గోదావరిఖనిల పాత సామాన్ల దుకాణాలన్ని తిరిగి, ఎవరో రోడ్డు కాంట్రాక్టరు అమ్ముకున్న పాత సర్వే దుర్భిణి పట్టుకొచ్చిండు. ఇత్తడిది, మస్తు బరువు. కాళ్ళు లేకుంటె వెల్డింగు చేయించి మూడు కాళ్ళు పెట్టిచ్చిండు. తెచ్చి నా ముంగట పెట్టి, “చూడు బావా, అద్దం ఎట్లున్నదో” అన్నడు.

చూసిన. అద్దం తేటగున్నది, నీళ్ళ లెక్క. గని లోకమంత తలకిందులు. ఎదురుంగ క్వార్టరు మీది నీళ్ళ ట్యాంకు కిందికి వేలాడుతున్నది. దండెం మీది బట్టలు మీదికి లేస్తున్నయి.

“ఇదేంది బావా” అన్న.

“పాత సర్వే దుర్భిణులు గిట్లనే ఉంటయి. మేమందరం గిట్ల చూసే బాయి కొలిచినం. కొద్ది దినాలైతె కండ్లకు అలవాటైతది. నీకు కావాల్సింది చిల్లు, అది నిలబడి కనపడితేంది, పండుకొని కనపడితేంది?”

రేంజికి తీస్కపోయిన. పోశం సార్ వంగి చూసి, “కిషన్, ఇది షూటింగా, సర్కస్సా” అన్నడు. అందరు నవ్విన్రు. నాకు గూడ నవ్వొచ్చింది. మెడ జర వంచాలె గని చిల్లు మాత్రం కొట్టొచ్చినట్టు కనపడ్తున్నది. దాంట్ల కింద ఎడమకు కనపడ్డదంటె గుండు నిజంగ పైన కుడికి తాకినట్టు. రైఫిల్ మీద గురి దిద్దే సైటు మర దానికి తగ్గట్టు తిప్పుకోవాలె. మొదటి రోజు ఒక్కొక్క గుండుకు ఆగి, ఏ దిక్కు తిప్పాలె అని సోచాయించుడే అయ్యింది.

మొదటి గుండు కొట్టంగనే జమున అలవాటు మీద లేచింది. “కూసో, నాకు కనపడ్తున్నది” అన్న. ఆమె కూసున్నది. కొద్దిసేపటికి చూస్తె కొంగుతోని కండ్లు తుడుచుకుంటున్నది. ఆమె మోకాళ్ళు నొస్తున్నయని నాకు ఆ రోజే చెప్పింది. ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదంటె, “చెప్తె నువ్వు రేంజికి రాకుంట ఉంటవని” అన్నది.

టీచరమ్మా, మీ ఉత్తరం లేకపోతె మేము డెబ్బై అయిదుది కొనుక్కొని ఏడుస్తుండే. మిమ్ముల ఎన్నడు మరువ.

కిషన్


మంథని,
ఆగస్టు 3

కిషన్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. ముక్కుపుడక దగ్గర పైకే నవ్వాను. నా నవ్వు నాకే వినపడలేదు, అది వేరే సంగతి.

మీ బావకు నా నమస్కారం చెప్పు. అతను తెచ్చింది నాసిరకం వస్తువేమీ కాదు. దుర్భిణిలో బొమ్మ సహజంగా తలకిందులుగానే పడుతుంది. దాన్ని నిలబెట్టడానికి లోపల ఇంకా అద్దాలు పెట్టాలి. ప్రతి అద్దమూ కాస్త వెలుగు తినేస్తుంది. సర్వే వాళ్ళకు వెలుగు కావాలి, బొమ్మ ఎట్లా నిలబడితే వాళ్ళకేం? అందుకే ఆ అద్దాలు మానేశారు. నీకు అంత తేటగా కనిపించడానికి కారణం అదే.

జమున మోకాళ్ళ సంగతి చదివాను. మనకోసం నడిచేవాళ్ళు నొప్పి చెప్పరు. ఆవిడను దవాఖానకు తీసుకెళ్ళు. వెళ్ళినట్టు రాయి.

నా మనసులో ఒక సంగతి ఉంది. ఇప్పుడు చెప్పను. టీచర్లకు కూడా రహస్యాలుంటాయి.

రమామణి


సెంటినరీ కాలనీ,
అక్టోబర్ 25

టీచరమ్మా,

జమునను చూపించిన. మందులిచ్చిన్రు, జర నయమున్నది. దసరాకు ఇంటి ముంగట ముగ్గు ఆమెనే వేసింది.

నా ముచ్చట. గుండ్లు ఇప్పుడు ఒక్కకాడ కుప్పవడ్డట్టు పడ్తున్నయి. పోశం సార్ నవ్వుడు బందువెట్టిండు. “ఇట్లనే కొట్టు, డిసెంబరుల నీది ఖాయం” అన్నడు. ఆయన నోట్ల నుంచి అంత మాట ఎన్నడు రాలే.

తలకిందులన్న ముచ్చటే మర్చిపోయిన. దుర్భిణిల చూసుడు, మర తిప్పుడు, మళ్ళ కొట్టుడు. నడుమ సోచాయించేది లేదు, చెయ్యి దానంతల అదే పోతది. బాయిల గూడ గంతే ఉండె. పైకప్పును ఆపే బొగ్గు దిమ్మె కొట్టేటప్పుడు పైన సప్పుడు విని కాలు దానంతల అదే ఎనక్కి పోయేది. ఒక్కనాడు పోలే, అది వేరే ముచ్చట.

ల్యాంపు రూముల గూడ అందరు అడుగుతున్నరు, “కిషనన్నా, ఎంతవరకొచ్చింది” అని. టోపీ లైటు తీసుకుంట ఒక మాట, ఇచ్చుకుంట ఒక మాట. నేను ఓడిపోతె వీళ్ళందరికి ఏం మొకం చూపియ్యాలె అని ఒక్కొక్కపారి ఫికరైతది.

మీ రహస్యం ఏందో చెప్పలే.

కిషన్


మంథని,
నవంబర్ 26

కిషన్‌కు,

ఈ ఉత్తరం పెట్టెలో అడుగున కాదు, పైనే పెట్టాను. ముందు ఇది చదివి తర్వాత విప్పు.

ఇదే నా రహస్యం. ఆగస్టు నుంచి దీని కోసం వెతుకుతున్నాను. మా చెల్లెలి కూతురు శ్రీహిత హైదరాబాద్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, నేను చెప్పినవన్నీ చూసి తీసుకొచ్చింది. ఇరవై రెట్లు, అరవై మిల్లీమీటర్ల అద్దం, వంపు తిరిగిన కంటిచోటు, బరువైన చిన్న స్టాండు. గొప్పవాళ్ళు వాడేది కాదు. కానీ నిజాయితీ గల వస్తువు. మా వీధి చివర గోడకు చిల్లుల కాగితం అంటించి నేనే నాలుగు రోజులు పరీక్షించాను. నేను వాళ్ళింట్లోకి తొంగి చూస్తున్నాననుకొని ఎదురింటివాళ్ళు కిటికీకి తెర కట్టుకున్నారు.

ఇందులో లోకం నిలువుగా ఉంటుంది. నువ్విక మెడ వంచి కష్టపడనక్కర లేదు, ఎవరూ సర్కస్ అనరు. దీన్ని పెట్టుకొని నువ్వు డిసెంబరులో కాలుస్తుంటే, ఇక్కడ నా కళ్ళ ముందు కనిపిస్తూ ఉంటుంది.

డబ్బు మాట ఎత్తకు. ఆయన పోయాక నేను సంతోషంగా కొన్న మొదటి వస్తువు ఇది.

రమామణి


సెంటినరీ కాలనీ,
డిసెంబర్ 18

గౌరవనీయులైన టీచర్ గారికి,

తమరు పంపిన స్పాటింగ్ స్కోపు క్షేమముగా అందినది. చాలా బాగున్నది. అందులో అన్నియు స్పష్టముగా కనపడుచున్నవి. తమరి మేలు ఈ జన్మలో తీర్చుకోలేనిది. డిసెంబరు పోటీ ముగిసినది. జనవరిలో రెండవది ఉన్నది. జమున, సంపత్ బావ తమరికి నమస్కారములు తెలియజేయమన్నారు.

ఇట్లు
కిషన్


మంథని,
డిసెంబర్ 24

కిషన్,

దరఖాస్తు భాష మళ్ళీ వచ్చింది. నీ ఉత్తరంలో నీ గొంతు లేదు. పోటీ “ముగిసినది” అన్నావు. ఎట్లా ముగిసిందో చెప్పలేదు. చెవిటిదాన్నే కానీ నాకు ఇంతమాత్రం వినపడుతుంది.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. నాకు మంచిగా కనిపించాలని రాయకు.

రమామణి


సెంటినరీ కాలనీ,
డిసెంబర్ 31

టీచరమ్మా,

మీ ఉత్తరం జమున చదివింది. “నువ్వు రాస్తవా, నన్ను రాయమంటవా” అని పెన్ను తెచ్చి నా ముంగట పెట్టింది. రాస్తున్న.

మీ స్కోపు పోటీకి వారం ముంగట అందింది. పెట్టె విప్పంగనే అందరం చుట్టు కూసోని చూసినం. సంపత్ బావ దాన్ని తుడిచి తుడిచి పెట్టిండు. పోశం సార్ ఒక్క మాటన్నడు, “కొత్త సామాను పోటీకి తీస్కపోవద్దు కిషన్, పాతదే పట్టుకరా” అని. నేను వినలే. మీరు నాలుగు నెలలు వెతికి, నాకు ఏ బాకీ లేకున్న నాకోసం కొని పంపిన్రు. దాన్ని ఇంట్ల వెట్టి, పాత సామాన్ల దుకాణం గొట్టం పట్టుకొని పోతె మీకు ఎంత చిన్నతనం? నాకు మనసొప్పలే.

పోటీల మొదలు మంచిగనే ఉండె. సరి చూసుకునే గుండ్లకు ఆగి ఆగి సోచాయించి మర తిప్పుకున్న. అసలు లెక్క మొదలైంది, సగం దాక ఎవ్వలకు తీసిపోలే. గప్పుడు గాలి మారింది. గుండు జర కుడికి పడ్డది. మీ స్కోపుల చక్కగ కుడికే కనపడ్డది. నా చెయ్యి మాత్రం పాత దుర్భిణి లెక్క తిప్పింది. కుడికి కనపడ్డదంటె ఎడమకు పడ్డట్టు అని చేతికి రాసిపెట్టినట్టున్నది గద. ఇంక కుడికి పోయింది. గాలి ఎక్కువైందనుకొని మళ్ళ అట్లనే తిప్పిన. మూడో గుండు నల్లచుక్క దాటి తెల్లకాడికి పోయింది. గప్పుడు తెలిసింది. బుర్రకు తెలుసు, చేతికి తెల్వలే.

దిద్దుకున్న. చివరిదాక మంచిగ కొట్టిన. రెండు పాయింట్లు తక్కువ పడ్డయి. ఆ మూడు గుండ్లు లేకపోతె నేను జట్టుల ఉంటుంటి.

ఎనక కుర్చీల జమున కూసున్నది. రాంగ తోవల ఒక్కటే అడిగింది, “టీచరమ్మకు చెప్తవా” అని. “ఎట్ల చెప్పాలె” అన్న. మీరిచ్చిన దాంతోని ఓడిపోయిన అని రాస్తె మీరు అన్నం తినరని నాకు తెలుసు. అందుకే గట్ల రాసిన. తప్పు మీది గాదు, స్కోపుది గాదు. నాది.

జనవరి నాలుగో వారంల రెండో పోటీ. అదే ఆఖరు. ఈ మూడు వారాలు మీ స్కోపు మీదనే రోజు ప్రాక్టీసు చేసి చెయ్యి మార్చుకుంట. మార్చుకునేదాక నిద్రపోను.

కిషన్


మంథని,
జనవరి 5

కిషన్,

నువ్వన్నట్టే ఒక పూట అన్నం తినలేదు. తర్వాత తిన్నాను, ఎందుకంటే ఈ ఉత్తరం రాయడానికి బలం కావాలి.

తప్పు నాది. “చెయ్యి దానంతల అదే పోతది” అని అక్టోబర్‌లో నువ్వే రాశావు. ఆ ఉత్తరం చదివి మురిసిపోయానే తప్ప, ఆ చేతికి అలవాటైన లోకాన్ని పోటీకి వారం ముందు తిరగేస్తున్నానని నాకు తోచలేదు. బొమ్మ నిలబడితే నీకు సుఖమనుకున్నాను. పిల్లలకు అద్దాల పాఠం అంత బాగా చెప్పినదాన్ని, నీ దగ్గర అద్దాన్ని చూశాను, చేతిని చూడలేదు.

మూడు వారాల్లో చెయ్యి మార్చుకుంటానంటున్నావు. మార్చకు. నాలుగు నెలల అలవాటు అట్లా పోదు, సగం ఇటు సగం అటు అవుతుంది. జనవరి పోటీకి మీ బావ తెచ్చిన ఇత్తడి దుర్భిణి తీసుకెళ్ళు. నాది ఇంట్లో పెట్టు.

నీకు మనసొప్పదని నాకు తెలుసు. అందుకే నీకు ఇంతవరకు చెప్పని మాట చెబుతున్నాను.

ఆయన పోయిన రోజు పొద్దున నువ్వు విసిరిన బత్తాయి నా చెంపకు తగిలింది. గట్టిగానే తగిలింది. కోపంగా లేచాను. నువ్వు ఆయన వైపు వేలు చూపిస్తున్నావు. చూస్తే ఆయన పెదాలు కదులుతున్నాయి. “రమా, కిటికీ తెరువు” అంటున్నారు. తెరిచాను. ఎండ మంచం మీద పడింది. ఆయన దాన్ని చూసి కొంచెం నవ్వారు. ఆ తర్వాత మాట లేదు. వార్డులో నర్సు కూడా లేని సమయం అది. పెద్దావిడ, టీచరమ్మ, చెంప మీద కొడితే ఏమనుకుంటుందో అని నువ్వు ఒక్క క్షణం మర్యాద చూసుకొని ఉంటే, ఆ మాట ఎవరికీ అందకుండా పోయేది. ఆ నవ్వు నేను చూసేదాన్ని కాదు. మిగిలిన బతుకంతా ఆయన చివరగా ఏమన్నారో అని వెతుక్కుంటూ ఉండేదాన్ని.

నీ నుంచి నాకు దక్కింది అది. ఒక దుర్భిణితో అది తీరదు, తీర్చుకోవాలని పంపలేదు కూడా. నాకు నీ దగ్గర మర్యాద వద్దు, కిషన్. అప్పుడు లేదు, ఇప్పుడూ వద్దు. నా వస్తువు నీకు కుదరకపోతే కుదరలేదని నా మొహం మీదే చెప్పు. నేను నొచ్చుకుంటానని నువ్వు రైఫిల్ పోగొట్టుకుంటే, అప్పుడు నిజంగా నొచ్చుకుంటాను.

రమామణి


సెంటినరీ కాలనీ,
జనవరి 29

టీచరమ్మా,

మీ ఉత్తరం వచ్చిన దినం నేను డ్యూటీకి పోలే. చదివిన, జమునకు చదివి వినిపించిన. సారు కిటికీ తెరువమన్నది నాకు తెల్వదు. ఆయన మిమ్ముల పిలుస్తున్నడని ఒక్కటే తెలుసు. చెంపకు తగిలినందుకు ఇన్ని దినాలు నా మనసుల ఒక ముల్లు ఉండె. క్షమించుమని అడుగుదామని మస్తుసార్లు అనుకున్న, నోరు రాలే. మీరేమో దాన్నే గిట్ల దాచుకున్నరు.

పోటీకి ఇత్తడిదే తీస్కపోయిన. అక్కడ పక్క లైన్ల పిలగాడు దాంట్ల చూసి, “అంకుల్, మీది ఖరాబైంది” అన్నడు. “లేదు బిడ్డా, నేనే ఖరాబైన, దానికి తగ్గట్టున్న” అన్న. వాడు నవ్విండు, నేను గూడ నవ్విన. నవ్వంగనే భుజాలు వదులైనయి.

మీది గూడ తెచ్చినం టీచరమ్మా. ఇంట్ల పెట్టుమన్నరు గని జమున వినలే. “నీకు వద్దంటె నాకు కావాలె” అని చంకల పెట్టుకొని వచ్చింది. పోశం సార్ ఎవరినో అడిగి, ఎనక చూసేటోళ్ళ కాడ దానికింత జాగ ఇప్పిచ్చిండు. నేను ముంగట తలకిందులుగ, ఆమె ఎనక నిలువుగ, ఇద్దరం ఒక్కటే కాయితం చూసినం. ఏడాది దాక ఆమె పోయి చూసి వచ్చి చెప్తె నేను విన్న. గుండు తాకంగనే ఇద్దరం ఒక్కపారే చూసుడు ఇదే మొదలు.

గాలి ఈసారి గూడ మారింది. గుండు దుర్భిణిల ఎడమకు కనపడ్డది. చెయ్యి దానంతల అదే పోయింది. తర్వాత గుండు నడుమ తాకింది. ఆ మీద ఇగ ఏం గుర్తులేదు, కొట్టుడే.

ఆఖరి గుండు కొట్టి నేను దుర్భిణిల చూడకముందే ఎనక నుంచి జమున ఏడుపు వినపడ్డది. మంచిదా చెడ్డదా తెల్వలే. మెడ వంచి చూసిన. నడుమనే ఉన్నది.

జట్టుల పేరు వచ్చింది. రైఫిల్ ఈ ఏడు నాదే. పోశం సార్ దాన్ని నా ఒడిల పెట్టి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి పోయిండు. ల్యాంపు రూముల దినమంత లైట్లకంటె చేతులే ఎక్కువ పట్టుకున్న. సంపత్ బావ ఇత్తడి దుర్భిణికి బొట్టు పెట్టిండు. మీ దానికి జమున పెట్టింది. ఎండకాలం సెలవులల్ల ఆమె దాన్ని పట్టుకొని మంథని వస్తదట, మీకు ఎట్ల చూసిందో చూపిస్తదట. నేను గూడ వస్త.

మీకు దండం పెట్టాలె టీచరమ్మా. స్కోపు ఇచ్చినందుకు ఒకటి. అది వద్దని చెప్పనిచ్చినందుకు రెండు.

కిషన్